వరి తెగుళ్ల సైటు: గూగుల్ మార్చి అప్‌డేట్‌లో ర్యాంకులన్నీ పడిపోయాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మాగాణి_గట్టు · 28 ఏప్రిల్ 2024

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మాది మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. నాన్నకు ఐదెకరాల మాగాణి ఉంది. 2017లో వరి తెగుళ్ల మీద తెలుగులో ఒక సైటు పెట్టాను. చుట్టుపక్కల రైతులు అడిగేవి, నాన్న చెప్పేవి రాసేవాడిని. 2018లో గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్‌కి తెలుగు వచ్చాక నెలనెలా కొంత డబ్బు చేతికి రావడం మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో ఉద్యోగం పోయింది. ఇల్లు గడవాలి కదా, సైటునే గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరు రైటర్లను పెట్టుకుని రోజూ ఏదో ఒకటి వేస్తూ వచ్చాం. ఇప్పుడు మొత్తం 1,140 ఆర్టికల్స్ ఉన్నాయి.

2023 సెప్టెంబరుకు ముందు గూగుల్ నుంచి రోజుకు 4 వేల క్లిక్కులు వచ్చేవి. ఆ నెల అప్‌డేట్ తర్వాత 2,600కు దిగింది. ఈ ఏడాది మార్చి 5న మొదలైన కోర్ అప్‌డేట్‌తో (ఫలితాల వరసను తేల్చే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) 500కు వచ్చి ఆగింది. ఏప్రిల్ 19కే అది పూర్తయిందని మొన్న 26న ప్రకటించారు. అంటే ఇక నా సైటు గతి ఇంతేనా?

ఇప్పటివరకు థీమ్ మార్చాను. అన్ని ఆర్టికల్స్‌కూ తేదీ ఏప్రిల్ 2024 అని పెట్టాను. ఒక ఏజెన్సీ వాళ్లు 18 వేలు కడితే 200 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి నా సైటుకు లింకులు) పెట్టి మూడు నెలల్లో పైకి తెస్తామంటున్నారు. రేపు అడ్వాన్స్ ఇవ్వాలి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. తెలిసినవాళ్లు దారి చూపండి.

కొత్త_కలం · 28 ఏప్రిల్ 2024

నాదీ ఇదే పరిస్థితి అన్నా, ఉద్యోగ నోటిఫికేషన్ల సైటు. డిసావో ఫైల్ (ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితా) పెట్టి చూడండి, చెడ్డ లింకులు పోతే పైకొస్తుందని అంటున్నారు.

పాత_బ్లాగరి · 28 ఏప్రిల్ 2024

తమ్ముడూ, ముందు ఆ 18 వేలు ఆపు. ఇది చదవగానే వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పు. మిగతావన్నీ తర్వాత.

నేను ఆ గోతిలో పడి లేచినవాణ్ణి. కూడలి, మాలిక లాంటి సంకలినులు చూసి జనం బ్లాగులకు వచ్చే రోజుల్లో నాకు గుళ్లూ యాత్రల మీద ఒక ఇంగ్లీషు సైటు ఉండేది. 2011 ఫిబ్రవరిలో పాండా అనే గూగుల్ అప్‌డేట్ వచ్చింది. అమెరికాలో వెతుకులాటల్లో 11.8 శాతం మీద దాని ప్రభావం ఉందని గూగులే చెప్పింది. అప్పుడు నాకేమీ కాలేదు. కాలేదన్న ధైర్యంతోనే డైరెక్టరీ లింకులు కొన్నాను. 2012 ఏప్రిల్ 24న అలాంటి లింకులను పట్టే పెంగ్విన్ అప్‌డేట్ వచ్చింది, సైటు మొత్తం మునిగింది. ఆ అక్టోబరులో డిసావో టూల్ ఇచ్చారు. ఒక్కో లింకూ ఏరి ఫైల్ పెట్టాను. అయినా పెంగ్విన్‌ను వాళ్లు మళ్లీ నడిపేదాకా కదలిక ఉండేది కాదు. 2014 అక్టోబరు వరకు కాచుకుని కూర్చున్నాను. పెళ్లయిన కొత్త, ఇంట్లో ఏం చెప్పాలో తెలిసేది కాదు. అందుకే నీ చివరి రెండు వాక్యాలు చదివి ఉండబట్టలేకపోయాను.

కొత్త_కలం, నీకూ ఒక మాట. 2016 సెప్టెంబరులో పెంగ్విన్ మారిపోయింది. అప్పటినుంచి చెత్త లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది తప్ప వాటి వల్ల సైటును కిందికి తొయ్యడం దాదాపు లేదు. లింకుల మీద మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష) వచ్చి ఉంటేనే డిసావో జోలికి వెళ్లాలి. లేకపోతే పనికొచ్చే లింకులను మన చేత్తోనే నరుక్కున్నట్టు అవుతుంది.

మాగాణీ, ఇంట్లో చెప్పు. ఇది నెలల తరబడి సాగే పని, దాచిపెట్టి చెయ్యలేవు.

లాగ్_ఫైల్ · 29 ఏప్రిల్ 2024

నేను సైట్ల ఆడిట్లు చేస్తుంటాను. మాగాణి గారూ, ఇంకే మార్పూ చెయ్యకండి. థీమ్ మార్చడం, తేదీలు మార్చడం రెండూ తొందరపాటే. రోగం ఏమిటో తెలియకుండా మందు కొట్టవద్దని మీ సైట్లోనే రాసి ఉంటుంది కదా.

మొదట సర్చ్ కన్సోల్‌లో (సైటు నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే టూల్) మాన్యువల్ యాక్షన్ల పేజీ తెరవండి. అక్కడ ఏమీ లేకపోతే ఇది శిక్ష కాదు. వెతికినవాళ్లకు మీకంటే వేరేవాళ్లు ఎక్కువ పనికొస్తారని సిస్టమ్ అనుకుందని అర్థం. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే శిక్ష అయితే సరిదిద్దుకుని మళ్లీ పరిశీలించమని అర్జీ పెట్టుకోవచ్చు. దీనికి అర్జీ ఉండదు.

ఆ తర్వాత పెర్ఫార్మెన్స్ రిపోర్టు. అప్‌డేట్ ముగిశాక కనీసం ఒక వారం ఆగి, ఆ వారాన్ని అప్‌డేట్ మొదలవడానికి ముందు వారంతో పోల్చమని గూగుల్ చెబుతుంది. మీ విషయంలో అది చాలదు. మీది పంట సైటు. యాసంగి కోతలు సాగుతున్న ఏప్రిల్ చివర్లో అగ్గి తెగులు గురించి ఎవరు వెతుకుతారు? మార్చి 5కు ముందు వారంతో పోలిస్తే ఎలాగూ పడినట్టే కనిపిస్తుంది. పోయిన ఏడాది ఇదే వారం పక్కన పెట్టి చూడండి. డేటా 16 నెలలే ఉంటుంది కాబట్టి ఇప్పుడే దించుకుని దాచుకోండి. నెలనెలా కాస్త జారిపోతుంటుంది.

పేజీలను గుంపులు చేసుకోండి. ఏ గుంపు ఎన్ని స్థానాలు పడింది అన్నదే అసలు ప్రశ్న. 2 నుంచి 4కు పడిన పేజీ బాగానే ఉన్నట్టు, దాన్ని కెలకవద్దు. 4 నుంచి 29కి పడితే మాత్రం ఆ పేజీనే కాదు, సైటు మొత్తాన్ని నిజాయితీగా చూసుకోవాలి.

ఇంకోటి. తెలుగువాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు: తెలుగు లిపిలో, తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో, నేరుగా ఇంగ్లీషులో. క్వెరీ (వెతికిన మాట) ఫిల్టర్‌లో రీజెక్స్ (అక్షరాల నమూనా) ఎంచుకుని [అ-హ] అని ఇవ్వండి, తెలుగు లిపివి విడిగా వస్తాయి. సరిపోలనివి అని పెడితే మిగతావి. రెండూ ఒకేలా పడ్డాయో లేదో చెప్పండి.

మాగాణి_గట్టు · 2 మే 2024

ఏజెన్సీకి వద్దని చెప్పాను. ఇంట్లో కూడా చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, అన్నం పెట్టింది. పాత_బ్లాగరి అన్నా, మీకు రుణపడి ఉంటాను.

మాన్యువల్ యాక్షన్ ఏమీ లేదు. లాగ్_ఫైల్ గారు చెప్పినట్టు మూడు రోజులు కూర్చుని గుంపులు చేశాను. వరి తెగుళ్లు, పురుగుల పేజీలు 210. పోయిన ఏడాదితో పోలిస్తే సగటున 3 నుంచి 7కు పడ్డాయి. మిగతా 930 అసలు వరికే సంబంధం లేదు. రైతుబంధు స్టేటస్, పీఎం కిసాన్ విడత ఎప్పుడు, ఉద్యోగ నోటిఫికేషన్లు, బంగారం ధర. ఇవి 5, 6 స్థానాల నుంచి 40 దాటి పోయాయి. తెలుగు లిపి క్వెరీలు కొంచెం తక్కువ పడ్డాయి, ఇంగ్లీషు అక్షరాలవి ఎక్కువ.

పీఎం కిసాన్ మీదే 61 పేజీలు ఉన్నాయి. ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో వేస్తారు. విడత పడ్డ మర్నాడే తర్వాతి విడత తేదీ మీద ఒక పేజీ వేసేవాళ్లం. ఫిబ్రవరి 28న 16వ విడత పడింది, 29న 17వ విడత పేజీ. నిన్న రాత్రి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆరు వందల మాటలు రాసి, ఆఖర్న తేదీ ఇంకా ప్రకటించలేదు అని ముగించాం. ఖర్చులకు డబ్బు కోసం చూస్తున్న రైతు దాన్ని తెరిచి ఎంత ఉసూరుమని ఉంటాడో.

వంటింటి_వాణి · 2 మే 2024

మీ పోస్టు చదువుతుంటే నా సంగతే చెబుతున్నట్టు ఉంది. నాది వంటల సైటు, పదేళ్లుగా నడుపుతున్నాను. 2023 సెప్టెంబరు 14 నుంచి 28 వరకు నడిచిన హెల్ప్‌ఫుల్ కంటెంట్ అప్‌డేట్‌లో మూడింట రెండు వంతులు పోయింది. మార్చిలో ఇంకాస్త.

నేను చేసిన తప్పు వేరు. గోంగూర పచ్చడి పేజీ తీసుకోండి. మొదట్లో మా అత్తగారి కొలత అలాగే రాశాను: రెండు కట్టల ఎర్ర గోంగూరకు పన్నెండు ఎండుమిరపకాయలు, ఆకు తడి పూర్తిగా ఆరాకే నూనెలో వెయ్యాలి, లేకపోతే నాలుగో రోజుకే బూజు. తర్వాత పొడవుగా ఉంటే ర్యాంకు వస్తుందని ఎవరో చెబితే గోంగూర అంటే ఏమిటి, గోంగూర లాభాలు, గోంగూరలో విటమిన్లు అన్నీ పైన పేర్చాను. కొలత తొమ్మిదో పేరాకు పోయింది. స్టవ్ ముందు తడి చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషి తొమ్మిది పేరాలు ఎలా జరుపుతుంది?

అవన్నీ తీసేసి ఆరు నెలలైంది. ఇంకా ర్యాంకులు రాలేదు. అయినా మళ్లీ పెట్టను. ఈలోగా వాట్సాప్ ఛానల్ మొదలుపెట్టాను, అక్కడినుంచి నేరుగా వచ్చేవాళ్లు పెరుగుతున్నారు. మీకు రైతులతో మాట ఉంది కదా, ఆ దారి వదలకండి.

నల్లరేగడి · 5 మే 2024

మాగాణి గారూ, నేను వ్యవసాయ విస్తరణ పనిలో ఉన్నాను. సర్చ్ సంగతులు నాకు తెలియవు. కానీ ఇవాళ ఆదివారం మీ సైటు తెరిచి ఒక రైతు చదివినట్టు చదివాను. చెప్పేది కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు.

అగ్గి తెగులు పేజీలో పైన పెట్టిన ఫొటో అగ్గి తెగులుది కాదు. అగ్గి తెగులు మచ్చ నూలు కండె ఆకారంలో ఉంటుంది. రెండు చివర్లూ మొనదేలి, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. మీ ఫొటోలో ఉన్నవి నువ్వు గింజంత గుండ్రటి మచ్చలు, చుట్టూ పసుపు వలయం. అది గోధుమ రంగు మచ్చ తెగులు. ఎక్కువగా పోషకాలు చాలని నేలల్లో కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి తన పొలంలో ఉన్నదీ అదే అనుకున్న రైతు, కింద మీరు రాసిన ట్రైసైక్లజోల్ లీటరుకు 0.6 గ్రాములు కొడతాడు. డబ్బు పోతుంది, మచ్చలు అలాగే ఉంటాయి.

ఇంకా పెద్దది. కాండం తొలుచు పురుగు పేజీలో ఫోరేట్ గుళికలు వెయ్యమని ఉంది. ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం. ఆకుముడత పేజీలో మోనోక్రోటోఫాస్ ఉంది. దాని 36 ఎస్ఎల్ (36 శాతం ద్రావణం) మందును 2023లో కేంద్రం నిషేధించింది. ఆ రెండు పేజీల పైనా పెద్ద అక్షరాలతో అప్‌డేట్ చేసిన తేదీ ఏప్రిల్ 2024 అని ఉంది.

మీ 2017, 2018 పేజీలు మాత్రం బాగున్నాయి. నారు పీకే ముందు వేళ్ల రంగు చూడమని మీ నాన్నగారు చెప్పిన మాట రాశారు, అలాంటిది నేను ఎక్కడా చదవలేదు. వాటిని మీరే రాశారని చదివితేనే తెలుస్తోంది.

మాగాణి_గట్టు · 5 మే 2024

సార్, చేతులు వణుకుతున్నాయి. ఆ రెండు పేజీలూ ఇప్పుడే తీసేశాను. ఫొటో కూడా తీసేశాను. అది ఒక ఫొటోల సైటు నుంచి రైటర్ తెచ్చింది. నేను చదవకుండానే పబ్లిష్ నొక్కాను. తేదీ కూడా నేనే మార్చాను, ఒక్క క్లిక్‌తో అన్నిటికీ.

ఇన్నాళ్లూ ర్యాంకులు పోయాయని ఏడ్చాను. ఆ పేజీ మొదటి స్థానంలో ఉన్న రోజుల్లో ఎంతమంది చదివి ఉంటారో అన్నది ఇప్పుడు తలుచుకుంటున్నాను. రేపటినుంచి ఆ 210 పేజీలూ ఒక్కొక్కటిగా నాన్న పక్కన కూర్చుని చదువుతాను. మందుల పేర్లు, మోతాదులు ఉన్నవి మీకు పంపితే ఒకసారి చూడగలరా?

నల్లరేగడి · 6 మే 2024

తప్పకుండా. వారానికి పది చొప్పున పంపండి. చూసినవాటి మీద ఎవరు ఎప్పుడు సరిచూశారో నిజమైన తేదీతో రాయండి.

లాగ్_ఫైల్ · 6 మే 2024

నల్లరేగడి గారు చేసిన పని ఏ టూల్ చెయ్యదు. అనుభవం, నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం అని గూగుల్ నాణ్యత మార్గదర్శకాల్లో నాలుగు మాటలు ఉంటాయి. అనుభవం అన్నది 2022 డిసెంబరులో కలిపారు. ఆ నాలుగింటిలో ముఖ్యమైనది నమ్మకమే అని వాళ్లే రాశారు. పురుగుమందు మోతాదు తప్పు చెప్పే పేజీకి స్పీడు పెంచి లాభం లేదు.

ఇప్పుడు ఆ 930 పేజీల సంగతి. అన్నీ ఒకే గాటన కట్టవద్దు.

పీఎం కిసాన్ పేజీలు, బంగారం ధరలు, నోటిఫికేషన్లు చదివేవాడికి ఏమీ ఇవ్వవు కాబట్టి డిలీట్ చెయ్యండి. పేజీ లేదని చెప్పడానికి 404 ఇచ్చినా 410 ఇచ్చినా పెద్ద తేడా ఉండదు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే వాటన్నిటినీ హోమ్‌పేజీకి రీడైరెక్ట్ చేస్తారు. దాన్ని సాఫ్ట్ 404గానే, అంటే లేని పేజీగానే తీసుకుంటారు, పైగా వచ్చిన మనిషికి తను అడిగింది దొరకదు.

మీకోసం ఉంచుకోవాలి కానీ సర్చ్‌లో వద్దు అనుకున్నవాటికి నోఇండెక్స్ పెట్టండి. అప్పుడు గూగుల్ బాట్ (పేజీలు చదివే ప్రోగ్రాము) రాకుండా రోబోట్స్ ఫైల్‌లో అడ్డం పెట్టకూడదు. అడ్డం పెడితే బాట్ లోపలికి రాదు, నోఇండెక్స్ కనిపించదు, పేజీ ఇండెక్స్‌లోనే ఉండిపోవచ్చు. పేజీని సర్చ్‌లో కనబడకుండా దాచే రిమూవల్స్ టూల్ వాడితే ఆరు నెలలే పనిచేస్తుంది, అది అత్యవసరానికి మాత్రమే. ఆ ఫోరేట్ పేజీకి వాడండి, ఇవాళే.

అగ్గి తెగులు మీద మీకు 14 పేజీలు ఉన్నాయి: లక్షణాలు, నివారణ, మందులు, మెడవిరుపు, నారుమడిలో ఒకటి, పిలక దశలో ఒకటి. రైతుకు ఇవన్నీ ఒక్కటే ప్రశ్న. అన్నీ కలిపి ఒకే పేజీ రాసి, మిగతా పదమూడింటినీ దానికి 301 రీడైరెక్ట్ చెయ్యండి, అంటే శాశ్వతంగా అటు మళ్లించండి.

కొత్త_కలం · 6 మే 2024

930 పేజీలు తీసేస్తే ఉన్న 500 క్లిక్కులు కూడా పోవా? నాకైతే భయంగా ఉంది. ఇంకో డౌట్, ఏఐతో రాసినవన్నీ పట్టేస్తున్నారంట కదా?

లాగ్_ఫైల్ · 6 మే 2024

కొన్ని పోతాయి. ఆ 500లో తీసేసే పేజీల వాటా ఎంతో ముందే లెక్కేసుకుని చేస్తే గుండె ఆగదు. పాతది కాబట్టి తీసేద్దాం అనుకోవడం మాత్రం తప్పు. పాతవి తీసేస్తే సైటు కొత్తగా కనిపిస్తుందనేది అపోహ. మాగాణి గారి సైట్లో బతికి ఉన్నవి పాతవే.

ఏఐ సంగతి: మార్చిలో వచ్చిన కొత్త స్పామ్ పాలసీలు మూడు. కుప్పలు తెప్పలుగా పేజీలు పుట్టించడం ఒకటి, గడువు తీరిన డొమైన్లు కొని వాటి పేరు వాడుకోవడం రెండోది, పేరున్న సైటు తన చోటును బయటివాళ్లకు అద్దెకివ్వడం మూడోది. ఈ మూడోది మే 5 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటిదాంట్లో ఎవరు రాశారన్న పట్టింపు లేదు. మిషన్ రాసినా, ఇద్దరు మనుషులు రోజుకు మూడు చొప్పున రాసినా, ర్యాంకు కోసం మాత్రమే పుట్టిన పేజీలైతే ఒకటే.

తోక_రెండు · 9 మే 2024

ఇది ఎవరూ చెప్పలేదు, తెలుగు సైట్లకు ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. మాగాణి గారి యూఆర్ఎల్స్ చూశాను. తెలుగు టైటిల్‌నే స్లగ్‌గా (యూఆర్ఎల్ చివర వచ్చే పేజీ పేరు) వదిలేశారు. ఒక్కో తెలుగు అక్షరం గుర్తు మూడు బైట్లు, ఎన్‌కోడ్ చేస్తే శాతం గుర్తులతో కలిపి తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్‌కు ఉన్న చోటు 200. అంటే 22 గుర్తులకే తెగిపోతుంది. గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి నాలుగు మాటలు కూడా పట్టవు. "వరిలో కాండం తొలుచు పురుగు నివారణ", "వరిలో కాండం తొలుచు పురుగు లక్షణాలు" రెండూ పురుగు అన్న మాట పూర్తి కాకముందే తెగి, రెండోదానికి చివర 2 అని తోక తగులుతుంది. మీకు తోక 7 దాకా ఉన్నాయి.

దీనివల్ల ర్యాంకు పడిందని నేను అనను. కానీ ఏ పేజీ ఏదో మీకే తెలియక లోపలి లింకులు తప్పు పేజీలకు వెళుతున్నాయి. మెడవిరుపు అని నొక్కితే పొట్టకుళ్లు తెరుచుకుంది. కొత్తవాటికి పొట్టి స్లగ్ చేత్తో ఇవ్వండి. పాతవి కలిపేటప్పుడు మాత్రమే మార్చి 301 పెట్టండి. అన్నీ ఒక్కరాత్రిలో మార్చేస్తే మళ్లీ కొత్త తలనొప్పి.

మీ కొత్త థీమ్‌లో తెలుగు ఫాంటు ఆలస్యంగా వచ్చి పడుతోంది, అప్పుడు పేజీ అంతా కిందికి జారుతోంది. ఫోన్లో మోతాదు చదువుతున్న వేలు ప్రకటన మీద పడుతుంది. దాన్ని కూడా సరిచెయ్యండి.

మాగాణి_గట్టు · 23 జూన్ 2024

చాలా రోజులైంది. చేసినవి చెబుతాను.

తీసేసినవి 870. ఇద్దరు రైటర్లకు రెండు నెలల జీతం ఇచ్చి పరిస్థితి చెప్పాను. ఒకరు ఉండిపోయారు, ఇకనుంచి రాయడం కాదు, పొలాల్లో ఫొటోలు తీస్తారు. 210 వరి పేజీలు కలిపేసరికి 58 అయ్యాయి. అందులో 40 నల్లరేగడి గారు చూశారు. మిగతావి నోఇండెక్స్‌లో ఉంచాను, ఆయన చూశాకే తీస్తాను.

అగ్గి తెగులు పేజీకి ఇప్పుడు ఒకే ఆకు మీద నాలుగు రోజులు వరసగా తీసిన ఫొటోలు ఉన్నాయి. మొదటిరోజు నీటి చుక్కంత మచ్చ, నాలుగో రోజుకు కండె ఆకారం. పక్కన గోధుమ మచ్చ ఆకు పెట్టి, వేలుతో తేడా చూపించాం. ఆ వేలు నాన్నది. బీపీటీ 5204 వరి రకం వేసినవాళ్లకు అగ్గి తెగులు భయం ఎక్కువని, తెలంగాణ సోన తట్టుకుంటుందని అందరూ చెప్పేదే. మేము ఆ రెండు మళ్లు పక్కపక్కన ఉన్న పొలం వెతికి ఫొటో తీశాం.

ర్యాంకుల్లో ఏ మార్పూ లేదు. క్లిక్కులు 500 నుంచి 380కి దిగాయి. లాగ్_ఫైల్ గారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. ట్యూషన్లు చెప్పుకుంటున్నాను.

పాత_బ్లాగరి · 23 జూన్ 2024

తమ్ముడూ, ఎదురుచూడటమే ఇందులో కష్టం. చాలామంది ఇక్కడే మళ్లీ ఏజెన్సీల దగ్గరికి పోతారు. నువ్వు పోవద్దు. చేసిన మంచిని గుర్తించడానికి నెలలు పడుతుంది, చాలాసార్లు తర్వాతి పెద్ద కోర్ అప్‌డేట్ దాకా ఏమీ కనిపించదు. ఎప్పుడైనా మనసు బాగోకపోతే ఇక్కడ రాయి.

మాగాణి_గట్టు · 14 సెప్టెంబరు 2024

ఆగస్టు 15న మొదలైన కోర్ అప్‌డేట్ ఈ నెల 3న ముగిసింది. వారం దాటాక చూశాను. అగ్గి తెగులు పేజీ 7 నుంచి 4కు వచ్చింది. సుడిదోమ పేజీ 9 నుంచి 5కు. మిగతావాటిలో చెప్పుకోదగ్గ కదలిక లేదు. రోజుకు 620 క్లిక్కులు. పోయిన ఏడాది ఇదే వారంతో పోలిస్తే నాలుగో వంతు కూడా కాదు. కానీ దిశ మారింది.

వంటింటి_వాణి · 15 సెప్టెంబరు 2024

మీకు వచ్చినందుకు నిజంగా సంతోషం. నాకు ఇంకా రాలేదు. బాధగా ఉంది, దాచడం ఎందుకు. కానీ ఛానల్ చూసే ఒకావిడ నిన్న నాకు రాసింది, మీ కొలతతో పెట్టిన గోంగూర పచ్చడి అమెరికాలో మా అబ్బాయికి చెడకుండా చేరింది అని. ఆ మెసేజ్ పొద్దున్నుంచి నాలుగుసార్లు చదువుకున్నాను.

లాగ్_ఫైల్ · 15 సెప్టెంబరు 2024

వాణి గారూ, ఇక్కడ అబద్ధం చెప్పను. 2023 సెప్టెంబరులో దెబ్బతిన్న సైట్లలో చాలావాటికి ఇంకా రాలేదు, మంచివాటికి కూడా. మీ పేజీల్లో నాకు ఇప్పుడు తప్పు కనిపించడం లేదు. అన్నీ సరిచేసినా పాత స్థానం తిరిగి వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. ఫలితాల పైన ఏఐ సమాధానం మే నెలలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో ఇంగ్లీషు, హిందీల్లో మొదలైంది. దానివల్ల స్థానం మారకుండానే క్లిక్కులు తగ్గవచ్చు. సర్చ్ కన్సోల్ దాన్ని విడిగా చూపించదు. కాబట్టి కోలుకున్నామా లేదా అన్నది క్లిక్కులతో కాక స్థానాలతో, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లతో కొలుచుకోండి.

మాగాణి_గట్టు · 27 జులై 2025

ఏడాది దాటింది. జూన్ 30న మొదలైన కోర్ అప్‌డేట్ జులై 17న ముగిసింది, పది రోజులు ఆగి రాస్తున్నాను.

58 పేజీల్లో 31 మొదటి ఐదు స్థానాల్లోకి వచ్చాయి. రోజుకు 1,700 క్లిక్కులు, అదీ నాట్లు పూర్తిగా పడకముందే. పాత 4 వేలు ఇక రావు. వాటిలో చాలా భాగం విడత తేదీలు వెతికినవాళ్లవే, అవి నావి కావు కూడా. ప్రకటనల డబ్బుతో ఇల్లు పూర్తిగా గడవదు, ట్యూషన్లు కొనసాగిస్తున్నాను.

నల్లరేగడి సార్, ఒక సహాయం. మొన్న ఒక రైతు సైటు చూసి నెంబరు తీసుకుని ఫోన్ చేశాడు. నాటు వేసి ఇరవై రోజులైంది, ఆకులు చివరల నుంచి పసుపు పచ్చగా ఎండుతున్నాయి, అక్కడక్కడ తుప్పు మచ్చలు ఉన్నాయి అంటున్నాడు. ఫొటో కింద పెట్టాను. ఎండాకు తెగులా, జింక్ లోపమా? నాన్న జింక్ అంటున్నారు, నాకు ఖాయంగా తెలియడం లేదు. తెలిసేదాకా ఏ మందూ కొట్టవద్దని చెప్పాను. ఈ రెండింటి తేడా మీద పేజీ కూడా సగం రాసి ఆపాను.

నల్లరేగడి · 27 జులై 2025

ఫొటోలో ఆకు మొదలు సరిగా కనిపించడం లేదు. జింక్ లోపమైతే లేత ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోయి ఉంటుంది, ముదురు ఆకుల మీద తుప్పు మచ్చలు ఉంటాయి, మొక్క గిడసబారుతుంది. బాక్టీరియా ఎండాకు తెగులైతే కొన నుంచి అంచు వెంబడి అలల్లా ఎండుతూ వస్తుంది.

ఆయన్ని రేపు పొద్దున్నే ఎండుతున్న ఆకు ఒకటి తెంపి, ఎండిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్యలో కత్తిరించి, ఆ ముక్కను గాజు గ్లాసులో మంచినీళ్లలో నిలబెట్టమనండి. కాసేపటికి కోసిన చోట నుంచి పాలలాంటి తెల్లటి ధార కిందికి దిగితే బాక్టీరియా. నీళ్లు తేటగానే ఉంటే మీ నాన్నగారి మాటే నిజం. అప్పుడు లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చెయ్యాలి, అందులో పురుగుమందు ఏదీ కలపకూడదు.

గ్లాసు వెనక నల్ల గుడ్డ పెట్టి ఫొటో తియ్యమనండి, ధార బాగా కనిపిస్తుంది. పేజీలో అదే పెట్టండి.